పరుపుల ఖాలమ్మ ఎంచుకున్న వైద్యం

మొన్న మా ఆడపడుచును తీసుకుని హైదరాబాద్‌లో ఒక కేన్సర్ ఆసుపత్రికి వెళ్లాను. ఆమెకు అండాశయంలో వచ్చిన గడ్డ తీసేశారు. కీమో కూడా ఆరు విడతలు అయిపోయింది. ఇక తర్వాత ఏమిటని అడగడానికి వెళ్లాం. మా అమ్మాయి వయసున్న డాక్టరు మెరిసే కాగితం ఒకటి మా ముందు పరిచింది. జబ్బు మళ్లీ రాకుండా, వచ్చినా ఆలస్యంగా వచ్చేలా చేసే వైద్యాన్ని మెయింటెనెన్స్ అంటారంది. అందులో ఫలానా గోలీలున్నాయనీ, ఫలానా ఇంజెక్షన్ ఉందనీ, ఏ మందూ వాడకుండా పరీక్షలు చేయించుకుంటూ ఉండటం కూడా ఒక పద్ధతేననీ ఓపిగ్గా చెప్పి, "ఆలోచించుకుని చెప్పండి" అంది.

మా ఆడపడుచు బిక్కమొహం వేసింది. నాకేమో నవ్వొచ్చింది. డాక్టరు తలెత్తి చూసేసరికి క్షమించమన్నాను. నేను నవ్వింది ఆ అమ్మాయిని చూసి కాదు. పాతికేళ్లకు పైమాటే, ఇలాంటి బల్ల ముందే కూర్చుని, ఇలాంటి మాటలే విని, "సోంచాయించుకుంటం గని, ముందుగాల నీ కుర్చీల దూది మార్పియ్యి బిడ్డా, నడుం పోతది" అన్న మనిషి గుర్తొచ్చింది.

తొంభైల మొదట్లో నాకు నార్కట్‌పల్లి దగ్గర బడిలో ఉద్యోగం వచ్చింది. ఖాలమ్మ ఇంట్లో ముందుగది కిరాయికి తీసుకున్నాను. ఉర్దూలో ఖాలా అంటే పిన్ని; ఊళ్లో చిన్నాపెద్దా, హిందువులూ ముస్లింలూ అందరికీ ఆమె ఖాలమ్మే. పేరుపెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. ఆమె భర్తను ఖాలు, అంటే బాబాయి, అనేవాళ్లం. ఆయన దూది ఏకేవాడు, ఆమె కుట్టేది. పెళ్లిళ్లకు పరుపులూ దిండ్లూ చేసేవాళ్లు గానీ అసలు గిరాకీ లారీలది. దుకాణం సరిగ్గా హైవే మీద ఉండేది. విజయవాడ వైపు పోయే డ్రైవర్లు అరిగిపోయిన సీటు తెచ్చి పడేసి, పక్క హోటల్లో అన్నం తినొచ్చేలోపు కుట్టి ఇమ్మనేవాళ్లు.

ఆమె మనిషి ముఖం చూసేది కాదు. మొదట వెనకవైపే చూసేది. ఎవరు కొత్తగా వచ్చినా ఒకసారి అటూ ఇటూ తిరగనిచ్చి, ఎంత దూది పడుతుందో మనసులో లెక్కవేసుకునేది. మా హెడ్మాస్టరు గారు మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు, ఆయన చెప్పులు విడుస్తుంటే నా చెవిలో, "గీ సారుకు ఎడమపక్క జర ఎక్కువ పెట్టాలె, ఒరిగి కూసుంటడు" అంది. ఆ తర్వాత మూడేళ్లపాటు స్టాఫ్ మీటింగుల్లో ఆయన కుర్చీలో ఎటు ఒరుగుతాడో చూడకుండా ఉండలేకపోయాను. నిజంగానే ఎడమకే ఒరిగేవాడు.

ఇంకో అలవాటు, ఖాలు తరఫున కూడా ఆమే మాట్లాడేది. ఆయన దూది ఏకుతూ ఉండేవాడు, నోరు తెరిచేవాడు కాదు. ఆమె మాత్రం "మీ ఖాలు గీ ఎండకాలం మస్తు ఎండలుంటయ్ అంటాండు", "మీ ఖాలుకు నువ్వు సన్నగైనవని ఫికరైతాంది" అని చెబుతూ ఉండేది. ఆయన ఎప్పుడన్నాడో ఎవరికీ తెలియదు. ఒకసారి ఆయనకు బెండకాయ ఇష్టం లేదని నాతో ఖరారుగా చెప్పింది. ఆయన అప్పుడు నా ఎదురుగానే కూర్చుని బెండకాయ కూర మారు వేసుకుంటున్నాడు.

అలాంటి మనిషికి ఉన్నట్టుండి కడుపు ఉబ్బడం మొదలైంది. వాయువనుకుని వాము నమిలింది. నెల తిరిగేసరికి పక్కింటావిడ చాటుగా నన్ను పిలిచి, ఈ వయసులో ఏమైనా విశేషమా అని అడిగింది. ఆ సంగతి ఖాలమ్మకు చెప్తే, కోపం తెచ్చుకోవడానికి బదులు, మనవలున్న తనను ఇంకా అంత పడుచుగా అనుకున్నందుకు ఆవిడకు ఒక చిన్న దిండు కుట్టిచ్చింది. నల్లగొండలో చూసిన డాక్టరు మాత్రం నవ్వలేదు. చీటీ రాసి హైదరాబాద్ పెద్ద దవాఖానకు పంపించాడు.

అక్కడికి తోడు నేను వెళ్లేదాన్ని. కూతుళ్లిద్దరూ పెళ్లిళ్లై దూరాన ఉన్నారు. ఖాలు వస్తాడు గానీ మాట్లాడడు. అన్నిటికన్నా ముఖ్యం, అక్కడి లేడీ డాక్టరుది కృష్ణా జిల్లా. ఆమె తెలుగు ఈమెకూ, ఈమె తెలుగు ఆమెకూ ఎక్కేది కాదు. తెలుగు టీచరుగా నా జీవితంలో నేను చేసిన అసలైన పని ఆ గదిలో తెలుగులోంచి తెలుగులోకి తర్జుమా చేయడమే.

మొదటిరోజే తేలిపోయింది. ఎలా ఉందమ్మా అని డాక్టరు అడిగితే ఖాలమ్మ "మస్తు దూపయితాంది" అంది. డాక్టరు ముఖం చిట్లించి, గదిలో ధూపం వేయకూడదని మీవాళ్లకు చెప్పండి అని నాతో అంది. దాహం వేస్తోందంటున్నదని చెప్పాను. ఇంకోసారి "బుగులైతాంది" అంటే, కడుపులో ఏ పక్కన అని అడిగింది. బుగులంటే భయమని చెప్పాక ఆమె కలం పక్కన పెట్టి, ఖాలమ్మ చెయ్యి పట్టుకుంది. జబ్బు వచ్చింది అండాశయానికి అని డాక్టరు చెప్పినప్పుడు ఖాలమ్మ నావైపు తిరిగింది. పిల్లలయ్యే గుడ్లుండే జాగా అని చెప్పాను. "నేనేమన్న కోడినా?" అని అడిగింది.

ఆపరేషనైంది. కీమోను ఆమె సూది అనేది; ఆరు నెలలు ఆరు సూదులు నడిచాయి. వాంతులు, నీరసం, అన్నీ చవిచూసింది. జుట్టంతా రాలిపోతే ఖాలుది నమాజు టోపీ తను పెట్టుకుని పైన కొంగు కప్పుకునేది. నన్నూ జబ్బునూ కలిపి తిట్టడం అప్పుడే మొదలుపెట్టింది. "ఇంట్ల ఒక కిరాయిదారువు నువ్వు, కడుపుల ఒక కిరాయిదారు అది. నువ్వైతే ఖాళీ చెయ్యమంటే చేస్తవు" అనేది. ఆ మాటలోని గౌరవం నాకు అర్థం కావడానికి కొంత టైం పట్టింది.

ఆరో సూది తర్వాత పరీక్షలన్నీ చూసి డాక్టరు, ఇప్పటికి జబ్బు ఎక్కడా కనిపించడం లేదని చెప్పింది. ఖాలమ్మ లేచి నిలబడి కొంగు సర్దుకుంది, ఇక ఇంటికి పోదామన్నట్టు. డాక్టరు కూర్చోమంది. కనిపించకపోయినా ఈ జబ్బు తిరిగొచ్చే రకమనీ, అందుకని ఇప్పుడేం చేయాలో ఆలోచించాలనీ, మూడు దారులున్నాయనీ చెప్పింది. మొదటిది, ఇంకో ఆరు నెలలు నెలకో సూది. కొందరు డాక్టర్లు దాన్ని నమ్ముతారు. కానీ మూత్రపిండాల మీద భారం, చేతులకూ కాళ్లకూ తిమ్మిరి పెరగొచ్చు. రెండోది రోజూ ఒక గోలీ. తేలికే గానీ ఒంట్లో ఆవిర్లు వస్తాయి, అరుదుగా కాళ్లలో రక్తం గడ్డకట్టొచ్చు. మూడోది, ఏ మందూ లేకుండా మూడు నెలలకోసారి వచ్చి పరీక్ష చేయించుకుంటూ కనిపెట్టుకుని ఉండటం.

నేను ఒక్కొక్కటీ వివరంగా మళ్లీ చెప్పాను. ఖాలమ్మ అంతా విని, ఈ మూడింట్లో ఏది మంచిదో అడగమంది. డాక్టరు, "గట్టిగా చెప్పలేనమ్మా. దేనితో ఎక్కువ కాలం బాగుంటారో మాకింకా తెలీదు" అంది. దీనికి తర్జుమా అక్కర్లేకపోయింది.

ఖాలమ్మ కుర్చీ దూది మాట అన్నది అప్పుడే. బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాక నాతో ఇలా అంది:

"గింతమంది డాక్టర్లను సూసిన. తెల్వదని చెప్పింది గీ బిడ్డ ఒక్కతే. గీమెను నమ్మొచ్చు."

ఆలోచించుకోవడానికి నెల గడువు అడిగింది. ఆ నెలరోజులూ నార్కట్‌పల్లిలో ఇంకో ముచ్చట లేదు. పుట్టింట్లో చదువు చెప్పించారా, పెళ్లికొడుకును చూపించి అడిగారా, ఏ చీర కావాలని ఎవరైనా అడిగారా, యాభై ఏళ్లలో తనను మూడింట్లో ఒకటి ఎంచుకొమ్మన్నవాళ్లు ఎవరూ లేరని ఆమె అంది. దాంతో ఆ ఎంచుకోవడాన్ని ఆమె చాలా పెద్దగా పట్టుకుంది. సీటు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతి డ్రైవరుకూ మూడు దారులూ వివరించి, నువ్వైతే ఏం చేస్తావని అడిగేది. పాపం, వాళ్లలో చాలామందికి అండాశయమంటే ఏమిటో తెలియదు. అయినా సీటు తన చేతిలో ఉంది కాబట్టి జవాబు చెప్పేదాకా ఇచ్చేది కాదు. ఒక డ్రైవరు తల గోక్కుని, ఎటూ తేలనప్పుడు బండిని రోడ్డు పక్కకు ఆపి కాసేపు చూడటం మేలు అన్నాడు. ఇంకొకడు మూడూ కలిపి వాడమన్నాడు. వాడికి సీటు రెండ్రోజులు ఆలస్యమైంది.

హాలియా నుంచి వాళ్లన్న వచ్చాడు. సాగర్ కాలువ కింద వరి పండించేవాడు, గొంతు పెద్దది. సూదులే కావాలని పట్టుబట్టాడు. మందు ఎంత కొడితే పురుగు అంత చస్తుందని పొలం లెక్కన చెప్పాడు. ఖాలమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ నెమ్మదిగా అడిగింది.

"పోయిన పంటకు ఎన్నిసార్లు కొట్టినవే అన్నా?"

ఏడుసార్లన్నాడు.

"పురుగు సచ్చిందా మరి?"

ఆయన ఆ పూట అన్నం తిని, సాయంత్రం బస్సుకే వెళ్లిపోయాడు.

వీళ్లెవరితోనూ తృప్తి కలగక, ఆ మూడు దారుల్లో ఇప్పటికే నడుస్తున్నవాళ్లను అడగాలని నిర్ణయించుకుంది. దవాఖానలో చూపించుకునే రోజు పొద్దున్నే వెళ్లి, వరండా బెంచీ మీద మధ్యలో కూర్చుంది. పక్కన నేను. వచ్చిన ప్రతి ఆడమనిషినీ ఏ ఊరనీ, ఎక్కడ వచ్చిందనీ, ఇప్పుడేం వాడుతున్నారనీ అడగడం. నేను సిగ్గుతో చచ్చిపోయాను. కానీ చిత్రమేమిటంటే ఎవరూ కసురుకోలేదు. ఎవరో ఒకరు అడగాలని ఎదురుచూస్తున్నట్టు అందరూ చెప్పేవాళ్లు. నెలనెలా సూది తీసుకుంటున్న ఒకావిడ తన చేతివేళ్లు చూపించి, గుండీలు పెట్టుకోవడం కూడా రావడం లేదంది. ఖాలమ్మ ఆ వేళ్లను తన చేతిలోకి తీసుకుని చాలాసేపు రుద్దుతూ కూర్చుంది.

గోలీలు వాడుతున్నామె కొత్తకోట దగ్గరి పల్లె నుంచి వచ్చింది. గొర్లకాపరులు వాళ్లు. పెద్ద కమ్మలు పెట్టుకుని, నల్ల గొంగడి భుజాన వేసుకుని వచ్చింది. ఇద్దరికీ క్షణాల్లో జత కుదిరింది. ఆ గోలీలతో చలికాలంలో కూడా చెమటలు పడుతున్నాయనీ, గొంగడి కప్పుకోవడం మానేసి మూడు నెలలైందనీ, తన గొంగడి ఇప్పుడు గొర్రెపిల్లలకు కప్పుతున్నాననీ ఆమె చెప్పింది. ఖాలమ్మ వేళ్లతో గొంగడి అంచు నలిపి చూసి, నేత బాగుందంది. ఆ తర్వాత ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, లోపలికి వెళ్లే డాక్టర్లలో ఎవరు ఎంత బరువుంటారో అంచనాలు కట్టారు. ఒకామె గొర్రె లెక్కన, ఒకామె దూది లెక్కన. అంచనాలు దాదాపు ఒకటే వచ్చాయి.

పిలుపొచ్చింది. లోపలికి వెళ్లగానే ఖాలమ్మ సంచిలోంచి ఒక మెత్త తీసి, డాక్టరును లేపి, ఆమె కుర్చీలో పరిచి, మళ్లీ కూర్చోబెట్టింది. డాక్టరు వద్దంటూనే కూర్చుంది. కూర్చున్నాక వద్దనడం మానేసింది. ఆ సంవత్సరం ముగిసేలోగా అదే వరస గదుల్లోని ఇంకో నలుగురు డాక్టర్లకు మెత్తలు వెళ్లాయి.

ఏం నిర్ణయించుకున్నారని డాక్టరు అడిగింది.

"ఏం వద్దు. కనిపెట్టుకోని ఉంట" అంది ఖాలమ్మ.

ఎందుకని ఆమె చెప్పలేదు, డాక్టరు అడగలేదు. కానీ మేమందరం అడిగాం. అందరికీ జవాబు దొరికింది. హాలియా అన్నకు, డాక్టరమ్మ హుకుం అని కబురు పంపింది. డ్రైవర్లకు, పరుపులూ బొంతలూ అమ్మేదానికి చలికాలంలో చెమటలు పడితే తన సరుకు ఎవరు కొంటారని చెప్పింది. నాకు తన వేళ్లు చూపించింది. ఆ ఆరు సూదులకే కొసలు మొద్దుబారాయి, కుట్టుసూది గుచ్చుకున్నా రక్తం చూసేదాకా తెలియడం లేదు, ఇంకో ఆరైతే దూది ఏదో పీచు ఏదో కూడా తెలియదు అంది. నాకు చెప్పిందే అసలు కారణమని నేను నమ్మాను. ఎవరికి చెప్పింది వాళ్లు నమ్మారు.

కనిపెట్టుకుని ఉండటమంటే ఊరికే కూర్చోవడమని నేననుకున్నాను. ఆమె దాన్ని ఒక పనిగా పెట్టుకుంది. మొదట కడుపు ఉబ్బడంతోనే కదా బయటపడింది, కాబట్టి ప్రతి శుక్రవారం పొద్దున స్నానం చేసి, సీట్లు కొలిచే టేపుతో నడుము కొలుచుకునేది. కొలత నేను చూసి చెప్పాలి. ఒక పాత నోటుబుక్కులో రాయాలి. ఊపిరి బిగబట్టి కొలిస్తే ఒప్పుకునేది కాదు, నన్ను మోసం చేసినా జబ్బును మోసం చేయలేమనేది.

అలా ఏడాది దాటాక, జుట్టు మళ్లీ వచ్చి, అదీ ఉంగరాలు తిరిగి వచ్చి, అందరికీ కొంగు జార్చి చూపించుకుంటున్న రోజుల్లో, ఒక శుక్రవారం నడుము రెండు వేళ్లు పెరిగింది. మళ్లీ కొలిచాం. పెరిగింది. ఆమె వెంటనే బురఖా తొడుక్కుంది. బస్సు కోసం ఆగలేదు. రోడ్డు మీదికెళ్లి చెయ్యెత్తితే, ఆమె కుట్టిన సీటున్న లారీయే ఆగింది. ఇద్దరం డ్రైవరు పక్కన కూర్చున్నాం. దారి పొడుగునా ఆమె నా చెయ్యి వదల్లేదు. మధ్యలో ఒక్కసారి మాత్రం, కింద సీటు నొక్కి చూసి, "గిది కుట్టినప్పుడు నా వేళ్లు మంచిగున్నయ్" అంది.

డాక్టరు చూసింది, నొక్కింది, రక్తపరీక్ష పంపింది, స్కాను చేయించింది. అన్నీ అయ్యేసరికి సాయంత్రమైంది. కాగితాలు చూస్తున్న డాక్టరు పెదవుల మీద నవ్వు కనిపించింది గానీ, నవ్వులో కూడా జబ్బుంటుందేమో అన్నంత భయంగా చూస్తున్నాం మేం.

"ఏమీ లేదమ్మా. మీరు ఒళ్లు చేశారంతే" అంది.

ఖాలమ్మ ముఖం పాలిపోయింది. నావైపు తిరిగి, "ఒళ్లు ఏం జేసిందంట?" అని గుసగుసగా అడిగింది.

"దొడ్డుగైనవంట ఖాలమ్మా. అన్నం మంచిగ తింటున్నవంట."

ఆమె ఇంకోసారి చెప్పమంది. చెప్పాను. వరండాలోకి వచ్చాక మళ్లీ చెప్పమంది, ఈసారి కొంచెం గట్టిగా, బెంచీల మీదున్నవాళ్లకు వినపడేలా. నేను తెలుగు పాఠం చెప్పే గొంతుతో, ఖాలమ్మ దొడ్డుగైంది అని ప్రకటించాను. బెంచీల మీద ఒక్కొక్కరూ నవ్వడం మొదలుపెట్టారు. గుండీలు పెట్టుకోలేని ఆమె కూడా అక్కడే ఉంది, ఆమె కూడా నవ్వింది. దారిలో జిలేబీ కొని, ఊళ్లో దిగాక ఎవరెందుకని అడిగినా, "దొడ్డుగైన" అని చెప్పి పంచింది. లావయ్యామని మిఠాయి పంచినవాళ్లను నేను మళ్లీ చూడలేదు.

అలాంటి శుక్రవారాలు మూడేళ్లకు దగ్గరగా సాగాయి. ఆమె కూతుళ్ల పిల్లలకు సున్తీలూ చెవులు కుట్టించడాలూ చూసింది. నాకు పెళ్లి కుదిరితే పరుపు కుట్టింది. ఆ పరుపు మీద కూర్చోబెట్టి మా ఆయన నడుమూ అంచనా వేసి, ఫర్వాలేదంది. పెళ్లయ్యాక కూడా నేను ఆ ఊళ్లోనే, ఆ వీధి చివర ఇంట్లో ఉన్నాను. శుక్రవారాలు తప్పలేదు.

ఒక శుక్రవారం నేను వెళ్లేసరికి ఆమె టేపు తీయలేదు. కొలుద్దామంటే కొలవక్కర్లేదంది. చేతులు సన్నబడ్డాయి, కడుపు ఒక్కటే పెరిగింది. "గిది ఒళ్లు జేసుడు కాదు బిడ్డా" అంది, డాక్టరు మాటను అచ్చం డాక్టరులాగే పలికి. ఖాలు దూది ఏకడం ఆపి అలాగే కూర్చున్నాడు.

ఈసారి డాక్టరు మళ్లీ సూదులు చెప్పింది. ఖాలమ్మ వెంటనే ఒప్పుకుంది. నేను ఆశ్చర్యపోతే, అప్పుడు అది లేదు, లేనిదాని మీదికి సూదులెందుకు, ఇప్పుడొచ్చింది, కొట్లాడాలె కదా అంది. కొట్లాడింది కూడా. ఏడాదిన్నర కొట్లాడింది. వేళ్లు పూర్తిగా మొద్దుబారిపోయాయి. సూది పట్టుకోలేక, ఖాలుకు కుట్టడం నేర్పడం మొదలుపెట్టింది. మంచం మీద పడుకుని ఆమె చెప్పడం, కింద కూర్చుని ఆయన కుట్టడం. నలభై ఏళ్లు దూది ఏకిన మనిషి, కుట్టు మాత్రం చచ్చినా తిన్నగా వచ్చేది కాదు. ఆయన కుట్టిన సీటు ఒక పక్కకు వాలి ఉండేది. విజయవాడ దాకా పక్కకు ఒరిగి బండి నడిపి, తిరుగు ప్రయాణంలో ఆగి నడుం పట్టుకుని దిగిన డ్రైవర్లు, దుకాణంలోకి తొంగిచూసి, మంచం మీదున్న ఆమెను చూసి, సీటు మస్తుగుందని చెప్పి వెళ్లిపోయేవాళ్లు. ఆమెకు అంతా తెలుసు. "మీ ఖాలు మల్లోసారి కుడ్తానంటాండు, తెచ్చియ్యి" అని వాళ్లను వెనక్కి పిలిచేది.

ఆమె ఇంట్లోనే పోయింది. వానాకాలం మొదలు. పొద్దునపూట, ఖాలు పాలు కాచి తెచ్చేసరికి. ఆమెను మోసుకెళ్తున్న జనాజా హైవే దాటుతుంటే రెండు వైపులా లారీలు ఆగిపోయాయి. ఎవరూ ఆపమని చెప్పలేదు.

నేను డాక్టరుకు ఒక కార్డు రాశాను. జవాబు రాలేదు. నలభై రోజుల ఫాతిహా ప్రార్థనలు అయిన మర్నాడు, దుకాణం ముందు ఒక తెల్ల కారు ఆగింది. డాక్టరు తన ఊరికి వెళ్తూ, దారిలో దిగింది. నేనప్పుడు అక్కడే ఉన్నాను. ఖాలు అన్నం తినడం లేదని కూతుళ్లు చెప్తే, కూర తీసుకొచ్చాను. ఆయన రెండు ముద్దలు తిని పళ్లెం పక్కన పెట్టేశాడు.

డాక్టరు పరుపుల మధ్య స్టూలు మీద కూర్చుంది. చుట్టూ ఉన్న దిండ్లను ఒక్కొక్కటీ చూసింది. తర్వాత ఆమె, అప్పుడు ఏ మందూ వద్దని ఖాలమ్మ ఎందుకన్నదో తనకెప్పుడూ చెప్పలేదనీ, అడిగి ఉండాల్సిందనీ నాతో అంది. నేను వేళ్ల సంగతి చెప్పబోతున్నాను. ఖాలు గొంతు సవరించుకున్నాడు. ఆయన డాక్టరు ముందు నోరు తెరవడం అదే మొదటిసారి.

"సూదులు తీసుకొమ్మని నేనన్న" అన్నాడు.

మేమిద్దరం ఆయన వైపు తిరిగాం.

"మీరు మూడు చెప్పి పంపిన నాడు, ఇంటికొచ్చినంక నన్నడిగింది. సూదులే తీసుకో అన్న. లగ్గమైన కాన్నుంచి నేనేం చెప్పినా గామె చెయ్యలే. బెండకాయ అండమంటె కాకరకాయ అండింది. సూదులు వద్దని అంటె తీసుకునేది. గంత చిన్న ఉపాయం నాకు తోచలే, డాక్టరమ్మా."

నలభై రోజులుగా ఆయన దేన్ని మింగలేకపోతున్నాడో అప్పుడు తెలిసింది నాకు. డాక్టరు స్టూలు ముందుకు జరుపుకుంది. ఆ సూదులు అప్పుడు తీసుకున్నా ఇంకెక్కువ బతికేదని ఎవరూ చెప్పలేరనీ, ఆ మూడేళ్లూ ఆమె వేళ్లు ఆడాయనీ, ఒంట్లో ఏ బాధా లేకుండా తిరిగిందనీ, అది తక్కువేమీ కాదనీ ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పింది. ఆయన తల దించుకుని విన్నాడు. నమ్మాడో లేదో తెలియలేదు. అప్పుడు డాక్టరు,

"బాబాయిగారూ, మీరు వద్దన్నారే అనుకోండి. మీరు ఉపాయం పన్నారని ఆవిడ కనిపెట్టేది కాదా?" అంది.

ఖాలు తలెత్తాడు. ఆలోచించాడు. ఆ ముఖంలో ముందు కళ్లు, తర్వాత మీసాలు కదిలాయి.

"కనిపెట్టేది" అన్నాడు. "కనిపెట్టి, వారం దినాలు తిట్టేది."

ఆయన నవ్వాడు. శబ్దం లేకుండా, భుజాలు మాత్రం కదిలేలా, కళ్లు తుడుచుకుంటూ. డాక్టరు కూడా నవ్వింది, ముక్కు చీదుకుంటూ. వాళ్లను అలా వదిలేసి నేను చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లాను, వాళ్ల కోసం కొంత, నా కోసం కొంత.

కారు వెళ్లిపోయాక ఆయన చాలాసేపు రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత లోపలికొచ్చి, చేతులు కడుక్కుని, పక్కన పెట్టిన పళ్లెం ముందుకు లాక్కున్నాడు. ఆ అన్నం అంతా తిన్నాక, గిన్నె వైపు చూసి, ఇంకొంచెం ఉందా అని అడిగాడు.